కాకులు వాలని పెరడు

ఎయిర్‌గన్ మా ఇంటికి కోడిపిల్లల కోసం వచ్చింది.

డెబ్భై ఏడులో, దసరా వెళ్లిన కొత్తల్లో, మా నల్లపెట్ట పిల్లల్ని లేపింది. కంకిపాడులో మా ఇల్లు చేనేతవాళ్ల వీధికి చివర. పెరట్లో రెండు కొబ్బరిచెట్లు, ఒక మునగచెట్టు, బావి. పక్కింటికీ మాకూ మధ్య నడుమెత్తు ఇటుకగోడ. కాకులు మునగచెట్టెక్కి కాపు కాసేవి. నేను బావిలో చేద వేసి తీసేలోపు ఒక పిల్లని ఎత్తుకుపోయేవి. నా గోల పడలేక మా ఆయన బెజవాడ వెళ్లి, రైల్వేలో గార్డుగా చేస్తున్న వాళ్ల పెదనాన్న కొడుకు అబ్రహాము బావగారిని అడిగి, ఆయన పాత ఎయిర్‌గన్ పట్టుకొచ్చారు. గొట్టం మధ్యకి విరిచి, చిన్న సీసపు గుండు పెట్టి, మళ్లీ బిగించి పేల్చాలి. టప్పుమని శబ్దం వస్తుంది, అంతే.

మా ఆయన ఏసుపాదం సమితి ఆస్పత్రిలో కాంపౌండరు. ఆయన సూది వేస్తే పిల్లలు ఏడవరని ఊళ్లో పేరు. ఆ చేతికి తుపాకీ ఎలా వస్తుంది? ఒక్క కాకి పడలేదు. కొబ్బరిమట్టలకి చిల్లులు పడ్డాయి.

పక్కింటి మార్కండేయులు గారి అమ్మాయి నాగమల్లేశ్వరి అప్పుడు పుట్టింట్లోనే ఉంది. వైశాఖంలో పెళ్లయింది. అత్తవారు కూడా నేతవాళ్లే, దివిసీమలో అవనిగడ్డకి అవతల ఊరు. మొగుడితో కలిసి మొదటి దీపావళికి వచ్చింది. గోడ మీద మోచేతులానించి మా ఆయన్ని ఏడిపించేది.

“మావయ్యగారూ, గుండు కొబ్బరిచెట్టుకి తగిలిందండోయ్! పాపం దానికో ఇంజెక్షను చేసెయ్యండి!”

“నవ్వవే నవ్వు. నువ్వు మళ్లీ సంక్రాంతికొచ్చేసరికి ఒక్క కాకిని ఉంచను చూడు.”

“మీరు ఉంచకపోవటం కాదు, అవే జాలిపడి వెళ్లిపోవాలి.”

నాగులచవితికి పుట్టలో పాలు పోసి, మర్నాడు వాళ్లాయనతో బస్సెక్కింది. ఆ వారంలోనే ఉప్పెన వచ్చింది.

*

మా వైపు గాలే. ఇంటిపెంకులు లేచిపోయాయి, మునగచెట్టు వేళ్లతో సహా ఒరిగింది. తెల్లారి పెరట్లోకి వెళ్తే కోళ్లగూడు లేదు, కోళ్లూ లేవు. ఇంతకన్నా ఏముంటుందనుకున్నాం. దివిసీమ నుంచి కబుర్లు రావటం మొదలయ్యాక ఇక ఎవరూ తమ పెంకుల గురించి మాట్లాడలేదు.

ఆస్పత్రి జీపులో డాక్టరు గారు, మా ఆయన, అటెండరు జక్కయ్య బయల్దేరారు. వెనక బ్లీచింగ్ పౌడరు బస్తాలు, కిరసనాయిలు డబ్బాలు. జీపు కదలబోతుంటే నాగమల్లేశ్వరి తల్లి వెంకటరావమ్మ గారు పరుగెత్తుకొచ్చారు. ఆవిడ చేతిలో మడతపెట్టిన చీర ఉంది. నీలం మీద పసుపు అంచు, ఇంటి మగ్గం మీద నేసింది.

“కాంపౌండరు గారూ, మా పిల్ల ఊరికి కూడా వెళ్తారుగా?”

“వెళ్తామండీ.”

“మొత్తం తడిసిపోయుంటుంది. మార్చుకోటానికి కూడా ఉండదు దానికి. ఇది ఇవ్వండి. వాళ్ల నాన్న రేపో ఎల్లుండో వస్తారని చెప్పండి.”

మా ఆయన చీర తీసుకుని చొక్కా లోపల పెట్టుకున్నారు, తడవకుండా.

మార్కండేయులు గారు కూడా మర్నాడు బయల్దేరి వెళ్లారు. ఆయనే ముందు తిరిగొచ్చారు. ఊరు ఉండాల్సిన చోట ఊరు లేదన్నారు. శిబిరాలన్నీ తిరిగాను, కూతురూ లేదు, అల్లుడూ లేడు, వాళ్ల మనిషన్నవాడు ఒక్కడూ కనపడలేదన్నారు. వెంకటరావమ్మ గారు వినలేదు. “కాంపౌండరు గారు రానివ్వండి” అన్నారు.

మా ఆయన వచ్చింది ఒక మిట్టమధ్యాహ్నం. జీపు దిగి ఇంట్లోకి రాకుండా పక్కసందులోంచి నేరుగా బావి దగ్గరికి వెళ్లారు. చేద మీద చేద తోడుకుని బట్టలతోనే పోసుకుంటున్నారు. వెంకటరావమ్మ గారు గోడ దగ్గర నిలబడి ఉన్నారు.

“కనపడిందా అండీ?”

“లేదండీ.”

“చీరేదీ?”

ఆయన చేతిలో చేద ఆగింది. “ఇచ్చేశానండీ” అన్నారు. “ఎవరికో.”

“ఎవరికో అంటే?”

ఆయన మళ్లీ నీళ్లు పోసుకోవటం మొదలుపెట్టారు. ఆవిడ అలాగే చూసి, నా వైపు తిరిగారు. ఆ మొహంలో ఏడుపు లేదు, ఆశ ఉంది.

“చీర ఇచ్చారంట మార్తా” అన్నారు.

*

ఆ రోజు నేను అన్నం వడ్డిస్తే ముద్ద కలిపి, కలిపి, కంచంలోనే వదిలేశారు. నిద్రపోతున్నారులే అనుకుని పనిలో పడ్డాను. పెరట్లో టప్పుమంది. వెళ్లి చూద్దును కదా, బట్టలుతికే బండ పక్కన కాకి పడి ఉంది. ఒక్కటే గుండు.

నవ్వాను నేను. నిజంగానే నవ్వాను. “ఇప్పుడొచ్చిందండీ మీకు గురి!” అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. పడిన కాకి కోసం మిగతావి పోగై కొబ్బరిచెట్ల చుట్టూ తిరుగుతూ అరుస్తున్నాయి. ఆయన గొట్టం విరిచారు, గుండు పెట్టారు, బిగించారు. ఇంకోటి పడింది. మళ్లీ విరిచారు.

అది మొదలు. తెల్లారకముందే లేచి పెరట్లో స్టూలు వేసుకుని కూర్చునేవారు. డ్యూటీకి వెళ్లటం మానేశారు. గడ్డం పెరిగింది. “కోళ్లు లేవు కదండీ, ఇంకెందుకు?” అని అడిగితే, నేనేదో తెలియని భాషలో మాట్లాడినట్టు చూసేవారు. ఎక్కడ కాకి అరిస్తే అక్కడికి తల తిప్పేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆపేసి తిప్పేవారు.

పడినదాన్ని ఊరికే పారేసేవారు కాదు. గొయ్యి తీసి, అందులో వేసి, ఆస్పత్రి నుంచి తెచ్చిన డబ్బాలోంచి బ్లీచింగ్ పౌడరు చల్లి, మట్టి కప్పి, చెప్పుకాలితో అదిమేవారు. పెరడంతా ఆ వాసనే. నేను ఆరేసిన బట్టలకి కూడా అదే వాసన. ఒకరోజు వెనక నిలబడి చూశాను. పిడికిట్లోకి పొడి తీసుకుని, ముందు తల వైపు, తర్వాత కాళ్ల వైపు చల్లుతున్నారు. కాకి ఎంతుంటుంది, తల వైపు, కాళ్ల వైపు అని చూసుకోటానికి? ఆయన కాకిని పూడ్చటం లేదని అప్పుడర్థమైంది నాకు.

జక్కయ్య ఇంటికి వెళ్లాను. గడపలో కూర్చుని ఉన్నాడు, పొద్దున్నే తాగి.

“అక్కడ ఏం జరిగింది జక్కయ్యా? మీ కాంపౌండరు గారు మనిషి మనిషిలా లేరు.”

“అడక్కండమ్మా” అన్నాడు. “నేను తాగుతున్నాను కాబట్టి కాస్త కళ్లు మూతపడుతున్నాయి. ఆయన తాగరుగా.”

మొహం గోడ వైపు తిప్పేసుకున్నాడు.

క్రిస్మస్‌కి ఆయన గుడికి రాలేదు. పెళ్లయిన తర్వాత నేనొక్కదాన్నే పూజకి వెళ్లటం అదే మొదలు. కొత్త సంవత్సరం వెళ్లాక ఫాదరు గారే మా ఇంటికి వచ్చారు. మా ఆయన తుపాకీ గోడకి ఆనించి, మర్యాదగా కుర్చీ వేశారు. మంచినీళ్లు తెచ్చిచ్చారు. నాకు కొండంత ధైర్యం వచ్చింది. ఫాదరు గారు ప్రార్థన మొదలుపెట్టారు. మేమిద్దరం తలలు వంచాం. ఎక్కడో వీధిచివర కాకి అరిచింది. నేను కళ్లు తెరిచేసరికి నా పక్క చాప ఖాళీగా ఉంది. పెరట్లో టప్పుమంది. ఫాదరు గారు ఆగి, మిగతా ప్రార్థన నాతో పూర్తిచేశారు.

“ఓపిక పట్టమ్మా” అని వెళ్లిపోయారు. ఓపిక ఎక్కణ్ణించి తేను? మాకు పిల్లలు లేరు. ఆయనకి నేను, నాకు ఆయన.

డాక్టరు గారు రెండుసార్లు మనిషిని పంపారు, ఇంక ఆపలేను, పైకి రాయాల్సొస్తుందని. ఆ మనిషి వెళ్లగానే తెగించి తుపాకీ అటక మీద, పాత చాపల వెనక దాచాను. ఆయన కేకలేస్తారనుకున్నాను, కొడతారేమోనని కూడా అనుకున్నాను. ఇల్లంతా వెతికారు. నన్నడగలేదు. తర్వాత పెరట్లోకి వెళ్లి ఇటుకముక్కలు ఏరుకుని విసరటం మొదలుపెట్టారు. కాకి ఒక చెట్టు మీంచి ఇంకో చెట్టు మీదికి ఎగిరితే, చేతులూపుకుంటూ దాని వెంట పరుగెత్తారు. “పో! పో! ఆ పిల్లని వదులు! వదులు!” ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. బావిచప్టాకి కాలు తట్టుకుని పడ్డారు. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారుతోంది. లేవరే. ఆకాశం వైపే చూస్తూ రెండు చేతులూ అడ్డం పెట్టుకుని పడుకున్నారు, తన మీద కాకుండా ఇంకెవరి మీదనో ఏదో వాలుతుంటే అడ్డుపెట్టినట్టు.

కట్టు కట్టాను. కట్టు కట్టి, అటకెక్కి, తుపాకీ నేనే తీసి ఆయన చేతికిచ్చాను. ఏం చెయ్యను? అది చేతికొచ్చాక ఒళ్లు వణకటం తగ్గింది.

*

ఇవతల ఇలా ఉంటే, గోడకి అవతల వెంకటరావమ్మ గారు కూతురు బతికే ఉందని నమ్ముకుని కూర్చున్నారు. మచిలీపట్నంలో ఎవరో మతి చలించిన పిల్ల ఉందంటే వెళ్లారు, గుడివాడ ఆస్పత్రిలో పేరు చెప్పలేని పిల్ల ఉందంటే వెళ్లారు. తిరిగొచ్చిన ప్రతిసారీ నాతో అదే మాట.

“చీర ఇచ్చారుగా మార్తా. నీలం చీర కట్టుకుని ఎక్కడో ఉంది అది. మీ ఆయనకి గుర్తుపట్టటం రాలేదు, అంతే. పిల్ల చిక్కిపోయుంటుంది.”

నేను తలూపేదాన్ని. ఇంట్లోకొచ్చి కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

మాఘమాసం వచ్చింది. ఎన్నికల జీపులు మైకులు పెట్టుకుని వీధి వీధీ తిరుగుతున్నాయి. నేతవాళ్ల పెద్దలు మార్కండేయులు గారిని కూర్చోబెట్టి, ఇంక జాగు చెయ్యకూడదన్నారు. అత్తవారి తరఫున కర్మ చెయ్యటానికి మనిషి మిగల్లేదు, కన్నవాళ్లే చెయ్యాలన్నారు. దర్భలతో బొమ్మ చేసి, దానికే అన్నీ జరిపించారు. పదోరోజు కాలవగట్టున పిండం పెడితే కాకులు పైన తిరిగాయే గానీ దిగలేదట. పొద్దు వాలేదాకా చూసి, పురోహితుడు ఇంక ఆవుకి పెట్టొచ్చని చెప్పి ముగించేశాడు.

ఆవుకి పెట్టి ముగించటానికి వెంకటరావమ్మ గారు ఒప్పుకోలేదు. కూతురు పోయిందని తీరా ఒప్పుకుని నోటితో అన్నాక, ఆవిడ పట్టు మరీ ఎక్కువైంది.

“కాలవగట్టు దానికేం తెలుసు? అది వస్తే ఈ గోడ మీదికే వస్తుంది. ఇది దాని చోటు” అని, వంట కాగానే అరిటాకు ముక్కలో అన్నం, పప్పు, ఇంత నెయ్యీ వేసి మా ఇద్దరి మధ్య గోడ మీద పెట్టి నిలబడేవారు. అది ముట్టేదాకా తను ముద్ద ముట్టనని ఒట్టు పెట్టుకున్నారు.

గోడకి ఇవతల మా ఆయన తుపాకీతో ఉన్నారు.

కాకులు ఎలా వస్తాయి? మా రెండు పెరళ్ల మీదుగా ఎగరటం కూడా ఎప్పుడో మానేశాయి. దూరంగా పోస్టాఫీసు వైపు అరుపులు వినపడేవి, అంతే. ఆవిడ మజ్జిగనీళ్లతో గడుపుతున్నారు. గోడ పట్టుకుంటే గానీ నిలబడలేకపోతున్నారు. గోడ మీద అన్నం ఎండి, చీమలు పట్టి, సాయంత్రానికి ఆవిడే తీసేవారు. మర్నాడు మళ్లీ పెట్టేవారు.

మార్కండేయులు గారు వీధివైపు నుంచి వచ్చి మా గుమ్మంలో నిలబడ్డారు. నెమ్మదస్తుడు. ఎవర్నీ ఏదీ అడిగే మనిషి కాదు.

“అమ్మా, ఒక్క రెండుపూటలు ఆ తుపాకీ లోపల పెట్టించగలవా? ఇంకెన్నాళ్లో ఆగదు మా ఆడది.”

“నా మాట వినే స్థితిలో లేరు అన్నయ్యగారూ” అన్నాను. ఇంకా ఏదో అనబోయి ఏడ్చేశాను. ఆయనా కళ్లు తుడుచుకున్నారు. ఇద్దరం అలా గుమ్మానికి చెరో వైపు నిలబడి, చెయ్యటానికేమీ తోచక ఏడ్చాం.

*

మర్నాడు వెంకటరావమ్మ గారే వచ్చారు.

అన్నేళ్లు పక్కపక్కన ఉన్నా ఆవిడ మా గడప లోపల కాలు పెట్టలేదు. మంచి చెడ్డ అంతా గోడ దగ్గరే. మా ఇంట్లో మంచినీళ్లు పుచ్చుకోరని నాకు తెలుసు, నేనూ ఎప్పుడూ ఇవ్వబోలేదు. ఆ రోజు వీధిగుమ్మంలోంచి, మా నడవలోంచి, వంటింట్లోంచి నడిచి పెరట్లోకి వచ్చారు. గోడలు పట్టుకుంటూ నడిచారు. మా ఆయన స్టూలు మీద ఉన్నారు, తుపాకీ ఒళ్లో. ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నారు.

“కాంపౌండరు గారూ.”

ఆయన చూపు కొబ్బరిచెట్టు మీదే ఉంది.

“తమ్ముడూ” అన్నారు ఆవిడ.

అప్పుడు చూశారు.

“నేను నిన్ను తిట్టటానికి రాలా. ఒక్కటి అడుగుతాను, అబద్ధం చెప్పకు. ఆ చీర ఎవరికిచ్చావు?”

ఆయన పెదాలు నాలుకతో తడుపుకున్నారు. నేను నీళ్లు తేబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి ఆపారు.

“ఒకమ్మాయి మీద కప్పానండీ” అన్నారు చివరికి.

“మా మల్లేనా?”

“తెలీదండీ.”

“అదేంటయ్యా. దాని చిన్నప్పట్నుంచి సూదులేసిన చెయ్యి నీది. అవునంటావు, కాదంటావు. తెలీదంటావేంటి?”

“తెలీదనే అనాలండీ. ఆ ఊరి దగ్గరే. ఆ వయసే. మొహం...” ఆయన తుపాకీని రెండు చేతులతో బిగించి పట్టుకున్నారు. “మేం వెళ్లేసరికి అవి ముందొచ్చేశాయండీ.”

“ఏవి?”

ఆయన మళ్లీ చెట్టు మీదికి చూశారు, అంతే.

ఆవిడకి అర్థమైంది. అర్థమవుతున్నప్పుడు ఆ మొహం చూడలేక నేను బావి వైపు తిరిగాను. అరుస్తారనుకున్నాను. వీధిలో ఎన్నికల జీపు ఏదో చెప్పుకుంటూ వెళ్లిపోయింది. అది దూరమయ్యాక ఆవిడ గొంతు వినపడింది.

“అయితే ఆఖరికి నా పిల్ల దగ్గర ఉన్నవి అవేనన్నమాట.”

ఆయన ఆవిడ వైపు తిరిగారు.

“వాళ్ల నాన్నకి కనపడలా. నాకు కనపడలా. మొగుడెటు పోయాడో తెలీదు. దాన్ని చూసినవి అవే, తమ్ముడూ. అది ఎక్కడుందో ఈ లోకంలో ఇంకెవరికీ తెలీదు.” ఆవిడ ముందుకి వంగి ఆయన పాదం మీద చెయ్యి వేశారు. “రానివ్వు. వాటిని రానివ్వు బాబూ.”

ఆయన గొట్టం మధ్యకి విరిచారు. లోపలున్న గుండు నేల మీద పడింది. తుపాకీని బట్టలుతికే బండకి ఆనించి, లేచి లోపలికి వెళ్లిపోయారు.

*

తుపాకీ పక్కన పెట్టినంత మాత్రాన కాకులు వస్తాయనుకున్నాం. రాలేదు. ఆయన పెరటిగుమ్మంలో కనపడితే చాలు, ఎక్కడో తాటిచెట్టు మీద ఉన్నది కూడా అరుస్తూ లేచిపోయేది. తుపాకీతో వాటికి పని లేదు. ఆ మనిషి తెలుసు వాటికి.

“నేను బెజవాడ పోయి అబ్రహాము అన్నయ్య దగ్గర ఉంటాను మార్తా” అన్నారు. నేను పంపలేదు. ఆ స్థితిలో ఒంటరిగా బస్సెక్కితే ఎక్కడ దిగుతారో నాకు నమ్మకం లేదు. “ఇంట్లోనే ఉండండి, కనపడకండి” అన్నాను. నడిమింట్లో ఉంచి పెరటి తలుపు వేసేశాను. స్నానానికి నీళ్లు లోపలికే మోసాను. పెరటివైపు ఒక చిన్న కిటికీ ఉండేది, దాని రెక్కలు కూడా దగ్గరికి వేశాను, వేలెడు సందు వదిలి. ఆ సందు దగ్గర కుర్చీ వేసుకుని ఆయన కూర్చున్నారు. అవతల వెంకటరావమ్మ గారు అన్నం పెట్టి, వాళ్ల వసారాలోకి వెళ్లి కూర్చునేవారు. ఇద్దరూ ఆ గోడనే చూస్తూ, ఒకరికొకరు కనపడకుండా.

నేను అందరు దేవుళ్లకీ దణ్ణం పెట్టాను. మరియమాతకి పెట్టాను, వాళ్ల దేవుళ్లెవరో వాళ్లకీ పెట్టాను. చివరికి కాకులకే పెట్టాను.

వచ్చింది ఒక ఎండపూట. ముందు కొబ్బరిచెట్టు మీద వాలింది. కిందికి చూసింది, మెడ తిప్పి మా తలుపు చూసింది. తర్వాత పడిపోయిన మునగమొద్దు మీదికి దిగింది. అక్కడ చాలాసేపు ఉంది. నేను వంటింటి తలుపు సందులోంచి చూస్తున్నాను. ఒక్క గంతులో గోడ మీదికి వెళ్లింది. అరిటాకు అంచు ముక్కుతో లాగింది. అన్నం ముట్టింది.

అవతల వసారాలోంచి ఒక చిన్న మూలుగు వినపడింది. ఏడుపు కాదు. మోయలేని బరువు దింపుకున్నప్పుడు మనిషి నోట్లోంచి వచ్చే శబ్దం.

నేను చప్పున నడిమింట్లోకి వెళ్లాను, ఆయన్ని పట్టుకోవాలని. ఆయన లేవలేదు. కిటికీసందుకి మొహం ఆనించి ఉన్నారు. ఒళ్లంతా చెమట. కాకి పొడుచుకుని తింటోంది. ఇంకోటి వచ్చింది. రెండూ ముక్కులతో లాగుతున్నాయి. ఆయన చెయ్యి దొరకపుచ్చుకున్నాను. నా వేళ్లు విరిగిపోతాయేమో అన్నంత గట్టిగా పట్టుకున్నారు, కానీ కళ్లు తిప్పుకోలేదు. ఆకు ఖాళీ అయి, అవి ముక్కులు గోడకి రుద్దుకుని ఎగిరిపోయేదాకా చూశారు. తర్వాత నేల మీదికి జారి, వాంతి చేసుకుని, నా ఒళ్లో తల పెట్టుకుని బావురుమన్నారు. ఉప్పెన వచ్చిన దగ్గర్నుంచి ఆయన ఏడవటం నేను చూడలేదు.

సాయంత్రం మార్కండేయులు గారు గోడ దగ్గరికి వచ్చి, “మా ఆడది నాలుగు మెతుకులు తిందమ్మా, ఆయనకి చెప్పు” అన్నారు. ఆ తర్వాత వారంలో అబ్రహాము బావగారు వచ్చి తన తుపాకీ తీసుకెళ్లారు. ఎండలు ముదిరాక మా ఆయన డ్యూటీలో చేరారు. కాకి అరిస్తే ఉలిక్కిపడటం మాత్రం పోలేదు, చాలా ఏళ్లు. వెంకటరావమ్మ గారు మళ్లీ మా గడప తొక్కలేదు. కానీ గోడ దగ్గర ఆయన కనపడితే ఏ పనిలో ఉన్నా ఆగి, “తిన్నావా తమ్ముడూ?” అని అడిగేవారు.

కాకి అన్నం ముట్టిన ఆ మధ్యాహ్నం నేను నేల కడిగి, ఆయన మొహం తడిగుడ్డతో తుడిచి, కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచాను. ఆయన గోడకి చేరగిలబడి కూర్చున్నారు.

“చెప్పనా మార్తా?” అన్నారు. “వినగలవా?”

వినగలనో లేదో నాకే తెలియదు. చెయ్యి కొంగుకి తుడుచుకుని ఆయన పక్కన కూర్చున్నాను.

“చెప్పండి” అన్నాను.

“అవనిగడ్డ దాటాక జీపు ఆగిపోయింది. అక్కణ్ణించి నడిచాం. చేలో దూరంగా కనపడితే, గాలికి కొట్టుకొచ్చిన గడ్డిమోపులనుకున్నాను...”